జమైకా ద్వీపమున చెరకుతోటల నీటివంతెన

వెస్టిండీసు దీవులలో జమైకా యొకటి. దాని వైశాల్యము సుమారు 4,240 చదరపు మైళ్లు. అనగా 2014కు పూర్వమున్న మన తూర్పు గోదావరి జిల్లాకు ఇంచుమించు సమానము. 1655వ సంవత్సరమున ఆంగ్లేయులు దానిని స్పెయిను దేశస్థులనుండి గైకొని 1962 ఆగస్టు 6వ తేదీవరకు ఏలిరి. ద్వీపపు తూర్పుభాగమున నీలపర్వతములను కొండలు గలవు. వానిలో నున్నతమైన శిఖరము 7,402 అడుగుల యెత్తు. ఆ కొండలనుండి హోపు నది యను చిన్న యేరు దిగివచ్చి, రాజధానియగు కింగ్‌స్టను నగరమునకు తూర్పున సముద్రములో కలియుచున్నది. ఆ యేటి నీటిని రెండున్నర శతాబ్దములకు పూర్వము చెరకుతోటల యజమానులు రాతికట్టల మీదుగా తమ మరలకు మళ్లించుకొనిరి. ఆ కట్టల శిథిలములు నేటికిని నిలిచియున్నవి. వానిని చూచుటకు మేము పోయితిమి. అచ్చట చూచినదియు, దానినిబట్టి తెలిసికొనినదియు చదువరులకు మనవి చేయుచున్నారము.

కింగ్‌స్టను నగరమునుండి పాపీను అను కూడలివరకు బస్సులు నడచును. ఆ కూడలికి చేరువనే హోపు వృక్షోద్యానము గలదు. మరియొక ప్రక్కగా మోనా అను చోట వెస్టిండీసు విశ్వవిద్యాలయము గలదు. హోపు, పాపీను, మోనా యను నీ మూడు పేర్లును పూర్వము మూడు చెరకుతోటల పేర్లే. హోపు తోటకును ఏటికిని పేరిచ్చినవాడు రిచర్డు హోపు అను సైన్యోద్యోగి. 1655లో ద్వీపమును గైకొనిన సేనతో వచ్చినవాడు. తోటలు పోయినవి, మరలు పోయినవి, పేర్లు మాత్రము బస్సుల నొసళ్ల మీద మిగిలియున్నవి.

విశ్వవిద్యాలయపు ఆవరణములో ప్రవేశించినంతనే కొండల నీలిరంగునకు ముందు రాతి కమానుల వరుస కానవచ్చును. చేతికందిన బండరాళ్లను సున్నముతో పేర్చి గోడ కట్టి, కమానుల అంచులను ఇటుకతో తీర్చినారు. రాళ్ల సందులలో రావిజాతి మొక్కలు వేళ్లూనియున్నవి. కొన్ని కమానుల నీడను విద్యార్థులు కూర్చుండి చదువుకొనుచుందురు. పెండ్లికూతుండ్రు సయితము అచ్చటికి వచ్చి ఛాయాచిత్రములు తీయించుకొందురట. సంగతి యెరుగనివారు దానిని కోటగోడ యనుకొందురు. లేదా రోమకుల కాలపు కట్టడమను తలపు వారికి కలుగును. చూడముచ్చటైన కట్టడమనుటలో సందేహము లేదు. కాని యది మర యొక్క భాగము. మరను తెలియనిదే ఆ గోడను చూచియు చూడనట్లే.

ముందుగా ఒక సందేహము తీర్పవలెను. ఏటినీటిని మామూలు కాలువ త్రవ్వి నేలమీదనే తీసికొనిపోగూడదా? ఇంత రాయి, ఇంత సున్నము ఎందుకు? మన గన్నవరపు అక్విడక్టువంటి వానిలో కాలువ నదిని దాటవలసియున్నది గనుక వంతెన కావలసివచ్చినది. మోనాలో దాటుటకు నది లేదు. నేల చదునుగానే యున్నది. అయినను కట్ట క్రమక్రమముగా పైకి లేచి, చివరకు మనుష్యుని తలకు చాల మీదుగా పోవుచున్నది.

దీనికి కారణము వాటములోనున్నది. మన పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను పలకమీద వేసికొని చూడవచ్చును. కొండ పాదమునుండి సముద్రమువైపునకు నేల ప్రతి 50 అడుగులకు ఒక అడుగు చొప్పున దిగుచున్నదనుకొందము. కాలువలో నీరు మెల్లగా, కట్టను కోయకుండ పారుటకు 500 అడుగులకు ఒక అడుగు వాటమున్న చాలుననుకొందము. వేయి అడుగులు పోవునప్పటికి నేల 20 అడుగులు దిగును. కాలువ 2 అడుగులే దిగును. కాబట్టి కాలువ అచ్చట నేలకు 18 అడుగుల మీద నుండవలెను. కట్ట యెక్కుచున్నట్లు కంటికి తోచును గాని, నిజమునకు దిగుచున్నది నేలయే. మొదట కాలువ నేలమీదనే పోవును. పిమ్మట చిన్నగోడమీద పోవును. గోడ మరింత పొడవైనపుడు రాయి మిగులుటకును, ఇటునటు దారి యుండుటకును దానిని కమానులుగా విప్పుదురు. మేము చూచిన కట్టయు ఈ న్యాయమునే చెప్పుచున్నది. ఎచ్చట అది మిక్కిలి యెత్తుగా నున్నదో, దాని సమీపమున మర యుండెనని ఊహింపవచ్చును.

ఆ యెత్తంతయు నీటిచక్రము కొరకే. నీటిచక్రములు ముఖ్యముగా రెండు విధములు. ఒకదానిలో పారునీరు చక్రపు అడుగున రెక్కలను తన్నుకొనుచు పోవును. రెండవదానిలో నీరు చక్రము నెత్తిమీద పడి, దాని అంచున అమర్చిన తొట్లను నింపును. నిండిన తొట్ల బరువుచేత చక్రము తిరుగును. ఈ రెంటిలో నేది మేలైనదని జాను స్మీటను అను ఆంగ్ల యంత్రశిల్పి చిన్న నమూనాలతో శోధించి, 1759వ సంవత్సరమున లండను రాయల్ సొసైటీవారికి తన ఫలితములను తెలిపెను. అడుగున తాకు చక్రము నీటి శక్తిలో మూడవవంతునకు మించి పనికి తేజాలదనియు, మీద పడు చక్రము ఇంచుమించు మూడింట రెండు వంతులు తేగలదనియు అతడు చూపెను. ఆ సంవత్సరమే సొసైటీవారు అతనికి కోప్లీ పతకము నిచ్చిరి. ఇదే స్మీటను అంతకు ఐదు సంవత్సరములకు ముందు, 1754లో, జమైకాలోని యొక తోటకొరకు చెరకు మర పటమును గీచియుండెను. హోపు నదీ తీరపు నీటివంతెనలును 18వ శతాబ్దపు ఆ మధ్యకాలమునకే చెందినవి. అప్పటి యంత్రవిద్యలో ఇవి వెనుకబడిన పల్లెటూరి కట్టడములు కావనియు, ముందువరుసలోనివే యనియు దీనినిబట్టి గ్రహింపవలెను.

శక్తి లెక్కయు సులభమే. ఘనపు అడుగు నీరు సుమారు 62 పౌనులు తూగును. క్షణమునకు 5 ఘనపు అడుగుల నీరు 20 అడుగుల చక్రముమీద పడునేని, క్షణమునకు 6,200 అడుగు-పౌనుల పని యగును. 550 అడుగు-పౌనులు ఒక గుఱ్ఱపు బలము. భాగించిన 11 గుఱ్ఱపు బలములకు కొంచెము మీరును. అందు మూడింట రెండు వంతులు దక్కిన ఏడున్నర. నేడు మన పొలములోని మోటారు పంపునకు సాటి. కాని ఆవిరియంత్రము ఆ దీవిలో వ్యాపింపని దినములలో, ఎద్దులకును కంచరగాడిదలకును బదులుగా, మేత యడుగకుండ, అలసట లేకుండ, రాత్రింబవళ్లు ఏడున్నర గుఱ్ఱముల బలము దొరకుట తోట యజమానునికి ఎంత యాశ కలిగించియుండునో చెప్పనక్కరలేదు.

రాత్రింబవళ్లు అను మాటను చదువరులు గుర్తుంచుకొందురు గాక. కథయంతయు ఆ మాటలోనే యున్నది.

అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండుట చూచినవారికి చెరకు స్వభావము తెలియును. నరికిన గడ ఒకటి రెండు దినములలో గానుగకు పోవలెను; లేనియెడల రసము పులియును. పిండిన రసమును పొయ్యిమీదికి ఎక్కించుట మరింత తొందర. జమైకాలోను ఇదే పద్ధతి, ప్రమాణము మాత్రము వేరు. మూడు నిలువు రోలర్ల నడుమ చెరకును త్రోసి, పిప్పిని వెనుకనుండి మరల త్రోసి, రసమును తొట్టిలోనికి దింపుదురు. అచ్చటనుండి అది కాగుగదిలోనికి పారును. అందు ఒకే పొయ్యి మీద పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసగా రాగి పెనములుండును. సున్నము కలిపి, మురికి తీసి, ఒక పెనమునుండి వేరొక పెనములోనికి గరిటెలతో మార్చుచు, చివరి చిన్న పెనములో పాకమును దింపుదురు. ఈ పెనముల వరుసకు జమైకా వరుస యనియే పేరు వచ్చినది. చల్లారి గట్టిపడిన చక్కెరను పీపాలలో పోసి, మడ్డి కారిపోనిచ్చి, ఓడలకెక్కింతురు. ఆ మడ్డితో రమ్ము అను సారాయి కాచుదురు.

చెరకు కోతకాలము సాధారణముగా జనవరితో ఆరంభించును. అది వానలు తక్కువైన కాలము. మరకు నీరు మిక్కిలిగా కావలసిన మాసములలోనే ఏటిలో నీరు తగ్గును. మూడు తోటలకును ఆధారము ఆ యొక్క యేరే. కాబట్టి ఆ కాలములో నీటిచుక్క బంగారము. వచ్చినంత నీటిని పగలు మాత్రమే వాడుకొని రాత్రి వృథాగా పోనిచ్చు యజమానుడుండునా? మర ఆగదు. మర ఆగనపుడు పొయ్యి ఆరగూడదు. పొయ్యి ఆరనపుడు నరకువాని కత్తియు ఆగగూడదు.

గానుగకు ఎద్దులను కట్టినచో ఎద్దు అలసినపుడైనను గానుగ నిలుచును. ఎద్దునకు విశ్రాంతి ఇయ్యకున్న అది చచ్చునను భయము యజమానునికి గలదు. నీటికి అలసట లేదు. నీటివంతెనను కట్టినవారు పశువుల శ్రమను తప్పించిరి. మనుష్యుల శ్రమను తప్పింపలేదు, మీదుమిక్కిలి పెంచిరి. కోతకాలములో పగలంతయు పొలమున పనిచేసినవారిని వంతులవారీగా రాత్రి మరయొద్దను పెనములయొద్దను నిలువబెట్టుచుండిరి. నిద్రమత్తులో చెరకు త్రోయు చేయి రోలర్ల నడుమ చిక్కుకొనుట అరుదుగా లేదు. అట్టి సమయమున చేతిని తెగనరికి ప్రాణము కాపాడుటకై మరప్రక్కనే గొడ్డలి నుంచుచుండిరని ఆ కాలపు వారు వ్రాసియున్నారు. మరను వెంటనే ఆపుట ఏల సాధ్యము కాదో పై లెక్క తెలిసిన విద్యార్థి చెప్పగలడు. ఎద్దును ఆపవచ్చును, తొట్లలో నిండిన నీటి బరువును ఆపుట క్షణములోని పని కాదు.

ఇక్కడ పనిచేసినవారు కూలివాండ్రు కారు. ఆఫ్రికా పడమటి తీరమునుండి పట్టి తెచ్చి అమ్మబడినవారును, వారి సంతానమును. బ్రిటిషు పార్లమెంటు 1807లో బానిసల వ్యాపారమును నిషేధించెను గాని, బానిసత్వమును నిషేధింపలేదు. పొలపు ముఠాలలో, ముఖ్యముగా ఆ కడపటి దశాబ్దములలో, స్త్రీలే యెక్కువ. పిల్లలను కలుపు తీయుటకు వేరు ముఠాగా కూర్చుచుండిరి. చెరకు నాటుటకు గుంటలను చేతిపారలతో త్రవ్వించుచుండిరి; నాగలిని కట్టుట అరుదు. ఈ విషయము మాకు మిక్కిలి గమనింపదగినదిగా తోచినది. రాతి కమానులు కట్టించి, లండను విద్వాంసులు శోధించుచున్న చక్రమును తెప్పించగల యజమానునికి నాగలి యొకటి కొనుటకు సొమ్ము లేకపోలేదు. నీరు వృథా యగుట అతనికి కనబడెను. మనుష్యులు వృథా యగుట నష్టముగా కనబడలేదు. జమైకా చెరకుతోటలలో స్వాతంత్ర్యము వచ్చువరకు జననములకన్న మరణములే యెక్కువ.

కట్టను దగ్గరనుండి చూచునపుడు ఈ సంగతులన్నియు మనస్సునకు వచ్చును. వాటము ఇంత సరిగా తీర్చుట సామాన్యమైన పని కాదు. గచ్చు పగిలిన నీరు కారును; ఒక జానెడు హెచ్చుతగ్గు వచ్చిన నీరు నిలిచిపోవును. జమైకా తోటలలో తాపీపనివారును, వడ్రంగులును, పీపాలు కట్టువారును చాలవరకు బానిసలే. కావున ఈ కమానులను కేవలము దొరల ప్రతిభగా చెప్పుట సరికాదు. దారమును పట్టి, రాయిని తట్టి చూచి, ఇటుకను కమాను వంపునకు చెక్కి అమర్చిన చేతులకు శిల్పవిద్య తెలియును. ఆ చేతులవారి పేరు ఏ రాతిమీదను లేదు.

పేరు చెక్కిన రాయియు ఒకటి అదే ఆవరణములో నున్నది. విశ్వవిద్యాలయపు దేవాలయము మోనాలో పుట్టిన కట్టడము కాదు. అది మొదట ద్వీపపు ఉత్తరభాగమున, ట్రిలానీ పారిషులోని యొక చెరకుతోటలో గోదాముగా నుండెను. 1950 దశకమున దానిని రాయి రాయిగా విప్పి తెచ్చి మోనాలో మరల నిలిపిరి. చెక్కిన రాళ్లతో మిక్కిలి పొందికగా నున్నది. దాని నొసట ఎడ్వర్డు మొరాంటు గేలు అను తోట యజమానుని పేరును 1799 అను సంవత్సరమును కానవచ్చును. చక్కెర వాసన వేసిన గోడల నడుమ ఇప్పుడు ప్రార్థనలు జరుగును, పెండ్లిండ్లు జరుగును. మేము లోపల కొంతసేపు కూర్చుంటిమి. ఆ రాళ్లు వచ్చిన పడమటి ప్రాంతములనే 1831 క్రిస్మసు దినములలో సామ్యూల్ షార్పు అను బాప్టిస్టు సంఘపు పెద్ద నాయకత్వమున బానిసలు కూలి లేనిదే చెరకు నరకమని పని మానిరి. వారు మొదట కోరినది అంతమాత్రమే. అది తిరుగుబాటుగా మారెను. దానిని అణచి ప్రభుత్వమువారు మూడువందలమందికి పైగా ఉరితీయించిరి. షార్పును 1832 మే 23వ తేదీని మాంటిగో బే పట్టణమున ఉరితీసిరి. అతడు బానిస, బైబిలు చదువనేర్చినవాడు. నేడు జమైకా దేశపు జాతీయ వీరులలో నొకడు.

పార్లమెంటు 1833లో చట్టము చేయగా, 1834 ఆగస్టు 1వ తేదీని బానిసత్వము పేరునకు పోయెను. జమైకాలో అప్పుడు సుమారు 3,11,000 మంది బానిసలుండిరి. అప్రెంటిసు పద్ధతి యను క్రొత్త కట్టుబాటుచేత మరి నాలుగు సంవత్సరములు జీతము లేని పని చేయించుకొని, 1838 ఆగస్టు 1వ తేదీని వారిని నిజముగా విడిచిరి. యజమానులకు కలిగిన నష్టమునకు పరిహారముగా బ్రిటిషు ప్రభుత్వము రెండు కోట్ల పౌనులు చెల్లించెను. అందు జమైకా యజమానుల వంతు అరువది లక్షలకు పైమాటయే. విడుదల పొందినవారికి ఒక పెన్నీయైనను ముట్టలేదు. ఆ సొమ్ము కొరకు చేసిన అప్పు తరువాతి అప్పులలో కలిసి, 2015వ సంవత్సరమున గాని పూర్తిగా తీరలేదు. మన పత్రిక చదువు పిల్లలలో చాలమంది తల్లిదండ్రులు అప్పటికి పెద్దవారే.

స్వతంత్రులైనవారు తోటలు విడిచి కొండల మీద తమ కొంచెపు భూములను చేసికొనసాగిరి. తోటలకు పనివారు కరవైరి. అప్పుడు యజమానుల దృష్టి మన దేశముపై పడెను. 1845 మే 10వ తేదీని బ్లండెల్ హంటర్ అను ఓడ కలకత్తానుండి సుమారు 260 మందిని తెచ్చి జమైకాలోని ఓల్డు హార్బరు రేవున దింపెను. ఆ తొలి రెండు మూడు సంవత్సరములలో మదరాసునుండియు ఓడలు పోయినవి. 1917లో ఈ ఒప్పందపు కూలీల పద్ధతి ఆగిపోవువరకు సుమారు 36,000 మంది భారతీయులు ఆ ద్వీపమునకు పోయిరి. ఒప్పందము ఐదేండ్లకు. వీరు బానిసలు కారు, జీతము గలదు. అయినను పని మానినయెడల చెరసాల, అనుమతిచీటి లేక తోట విడువరాదు. కోరంగి, విశాఖపట్నము రేవులనుండి మారిషసుకు పోయిన తెలుగువారి సంతతి ఆ దేశమున నేటికిని తెలుగు చదువుకొనుచున్నారు. జమైకాకు పోయినవారి సంతానము మాత్రము తమ భాషలను దాదాపు మరచినారు. మే 10వ తేదీని అచ్చట భారతీయ వారసత్వ దినముగా జరుపుదురు. మేకమాంసపు కూరను కరీ గోట్ అని పిలుచుచు, ప్రతి వేడుకలోను వడ్డించుట అచ్చటివారందరి యాచారమైనది.

మన మామిడిపండు మనవారికన్న ముందే అచ్చటికి చేరినది. 1782లో ఆంగ్ల యుద్ధనౌక యొకటి మారిషసునుండి సెయింట్ డొమింగునకు మొక్కలు తీసికొనిపోవుచున్న ఫ్రెంచి ఓడను పట్టుకొని జమైకాకు తెచ్చెను. అందు మామిడి మొక్కలుండెను. వానిని పాపీనునకు ఎగువను, అదే హోపు నది లోయలో, గార్డను టౌనునొద్ద నున్న హింటను ఈస్టు అను నతని తోటలో నాటిరి. మొక్కలకు పేర్లు తెలియక అంకెల చీట్లు కట్టియుండిరి. వానిలో 11వ అంకె మొక్క సంతతిని జమైకావారు నేటికిని పదునొకటవ నంబరు మామిడి యనియే పిలుచుదురు. పీచు హెచ్చు, రుచి బాగు. మన కొత్తపల్లి కొబ్బరితో పోల్చుట మాత్రము తగదు.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పిన చాలును. ఆవిరియంత్రములు వచ్చిన పిదప నీటిచక్రములు మూలపడినవి. హోపు నది నీరు క్రమముగా చెరకుమరలనుండి కింగ్‌స్టను నగరవాసుల కుండలలోనికి మళ్లినది. మూడు తోటలలో మోనా మాత్రము 20వ శతాబ్దపు ఆరంభమువరకు చెరకు నాడించెను. రెండవ ప్రపంచ యుద్ధములో, 1940లో, జిబ్రాల్టరునుండి తరలింపబడిన ప్రజల కొరకు అచ్చట చెక్క యిండ్ల శిబిరము వేసిరి. యుద్ధానంతరము, 1948లో, అదే చెక్క యిండ్లలో 33 మంది వైద్య విద్యార్థులతో విశ్వవిద్యాలయ కళాశాల ప్రారంభమైనది. 1962లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. బానిసల సంతతివారును, ఒప్పందపు కూలీల సంతతివారును ఇప్పుడా నీటివంతెన ప్రక్కనే వైద్యమును, న్యాయశాస్త్రమును చదువుచున్నారు. 1992లో సాహిత్యమున నోబెల్ బహుమానము పొందిన డెరెక్ వాల్కాటు కవి అక్కడి తొలి విద్యార్థులలోనివాడు.

కట్టను చూడగోరువారు ఉదయమే పోవుట మంచిది. మధ్యాహ్నపు ఎండ మన వేసవిని తలపించును. కట్ట యెక్కరాదు, రాళ్లు వదులైయున్నవి. తూముచివరనుండి ఏటివైపునకు, అనగా వాటమునకు ఎదురుగా నడచినచో కమానులు తగ్గి గోడ యగుటయు, గోడ తగ్గి నేలతో కలియుటయు కన్నులార చూడవచ్చును.

రాళ్లు చెప్పని పేర్లను చదువగోరువారికి మరియొక మార్గము గలదు. దొంగతనముగా క్రొత్త బానిసలను దింపకుండుటకై, జమైకాలో 1817 మొదలు 1832 వరకు మూడేండ్ల కొకమారు ప్రతి యజమానుడును తన బానిసల పట్టికను ప్రభుత్వమునకు దాఖలు చేయవలసియుండెను. ఆ దస్తరములు లండనులోని క్యూ అను చోట జాతీయ దస్తావేజుశాలలో భద్రముగా నున్నవి. వాని ప్రతిబింబములను ఇప్పుడు ఇంటనుండియే కంప్యూటరులో చూడవచ్చును. 1817 పట్టికలో ప్రతి మనుష్యునికి ఒక వరుస: పేరు, వర్ణము, వయస్సు, ఆఫ్రికాలో పుట్టెనా, ద్వీపమున పుట్టెనా, తల్లి యెవరు. దొరలు వేడుకకు పెట్టిన సీజరు, పాంపే వంటి పేర్లు కొన్ని. తల్లులు పెట్టిన పేర్లు కొన్ని: ఆదివారము పుట్టినవాడు క్వాషీ, సోమవారము పుట్టినవాడు కడ్జో, శుక్రవారము పుట్టినది ఫిబ్బా, మన ఆదెమ్మ, సోమయ్యలవలెనే. బాప్తిస్మము పొందినవారికి పాత పేరు ప్రక్కనే క్రొత్త పేరును వ్రాసియుందురు. తరువాతి పట్టికలలో పుట్టినవారిని ఒకవైపును, చనిపోయినవారిని ఒకవైపును చేర్చి, క్రింద గుమాస్తా మొత్తము వేసియుండును.